దగ్గు వినని మైకు

అద్దాల బీరువా ముందు నిలబడి ఆహూన్ ధరల చీటీలు చదువుతోంది. చదువుతున్నట్టు కనపడకూడదని చూపు మైకుల మీదా, ఓరచూపు చీటీల మీదా పెట్టింది. పై అరల్లో ఉన్నవాటిని చూడటానికి కూడా తన స్తోమత చాలదని తేలిపోయాక కింది అర దగ్గరికొచ్చింది. కింది అర చూడాలంటే వంగాలి. వంగితే చవకవి వెతుక్కుంటోందని దుకాణం అంతటికీ తెలిసిపోతుంది. దుకాణం అంతటికీ కలిపి ఉన్నది షావుకారు ఒక్కడే. ఆయన అన్నం డబ్బా ముందేసుకుని పంది పక్కటెముక నములుతున్నాడు. అయినా సరే, ఆహూన్ చెప్పు పట్టీ సర్దుకునే వంకతో వంగింది.

"ఇంట్లో వాడుకోడానికి ఆ కింద అరలోవే బాగుంటాయక్కా," అన్నాడు షావుకారు, ఎముక తీసి డబ్బా మూతలో పెడుతూ. "ఆ ఎర్ర స్టూలు లాక్కుని కూర్చుని చూడండి. అందుకే అక్కడ పెట్టా. అందరూ చెప్పులే సర్దుకుంటారు."

ఆహూన్ చెవులు వేడెక్కాయి. స్టూలు లాక్కోలేదు.

"పాడటానికా, మాట్లాడటానికా?"

"చదవడానికండీ. చిన్నపిల్లలు పడుకునే ముందు వినే కథలు. తైవానీ మాటలో."

ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు కొంచెం పైకి లేచింది. పిల్లల కథలు తయారుచేసి అమ్మే ఒక చిన్న కంపెనీ గొంతుల కోసం వెతుకుతోంది. ఇంట్లోనే రికార్డు చేసి, ఆదివారంలోగా మూడు కథలు పంపాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని. ఆహూన్ పనిచేసే టిఫిను దుకాణంలో ఈ మధ్యే ఆమె పని రోజులు సగానికి సగం కోసేశారు. ఉన్న సగం రోజులకి కూడా కుడి మణికట్టు ఒప్పుకోవడం లేదు. పెనం మీద గుడ్డట్లు తిప్పీ తిప్పీ అది వాచిపోయి, కట్టు లేనిదే గరిటె లేవడం లేదు. ఇప్పుడామె దగ్గర అరగనిది గొంతు ఒక్కటే.

షావుకారు చేతులు తుడుచుకుని రెండు మైకులు బల్ల మీద పెట్టాడు. ఒకటి వెండి రంగుది, తన సొంత స్టాండుతో, దర్జాగా ఉంది. రెండోది నల్లగా, గరిటె కాడంత, తల మీద జాలీ సొట్టపోయి ఉంది.

"ఈ నల్లది ఎవరో వాడి ఇచ్చేసింది. సొట్ట పైకే, లోపల ఏం కాలేదు. నోటికి ఆనించుకుని మాట్లాడాలి. అవతల ఏం జరిగినా దీనికి పట్టదు. చెవిటిదనుకోండి."

ఆహూన్ దాన్ని ముట్టుకోలేదు. అలాంటిదే ఒకటి అమ్మ నడిపిన ఆల్చిప్పల బండిలో, స్టీరింగు పక్కన, రబ్బరు బ్యాండుకి వేలాడుతూ ఉండేది. అందులోంచి అమ్మ పెట్టే కేక వీధి పిల్లలందరికీ నోటికొచ్చేసింది. ఆహూన్ తరగతిలో అడుగుపెట్టగానే వెనక బెంచీల వాళ్ళు అదే యాసలో, అదే సాగదీతతో ఆల్చిప్పలు అమ్మేవాళ్ళు.

"అది బళ్ళ మీద అమ్ముకునేవాళ్ళది కదండీ," అంది.

"ఈ వెండిదానికి చెవులెక్కువ," అన్నాడాయన, చెవులకి పెట్టుకునేవి ఆమెకిచ్చి. తర్వాత దుకాణం చివరికి వెళ్ళి, తినే పుల్లలు రెండూ మెల్లిగా డబ్బా మీద పెట్టాడు. ఆ చప్పుడు ఆహూన్ చెవి పక్కనే అయింది. ఆయన ఊపిరి కూడా వినిపించింది. "విన్నారా. గది గనక నిశ్శబ్దంగా ఉంటే ఈ ధరలో దీన్ని మించింది లేదు. లేదంటే మాత్రం ప్రాణం తీస్తుంది. మీ గదెలాంటిది? ఇంట్లో ఎవరెవరుంటారు?"

ఆహూన్ ఉండేది నాలుగో అంతస్తు నెత్తిన రేకులతో కట్టిన వాటాలో. కింద మోటారు సైకిళ్ళ షెడ్డు, పక్క డాబా మీద పందేల పావురాలు, ప్లైవుడ్ చెక్కకి అవతల అమ్మ, అమ్మ దగ్గు. ఇవన్నీ చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి? ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. గోడకి ఎవరో గాయకులతో తీయించుకున్న ఫొటోలున్నాయి.

"నా ఒక్కదాని గదండీ," అంది. "చాలా ప్రశాంతం. ఇంట్లో ఎవరూ లేరు."

"అదృష్టవంతులు. అయితే ఆలోచించే పనే లేదు, ఇదే తీసుకోండి."

బస్సులో అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ లేరు అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఆమెకే ఏదోలా అనిపించింది. అబద్ధం ఆడినందుకు కాదు, తడుముకోనందుకు.

*

"వచ్చినావా? కూడు సల్లారిపోనాది," అంది అమ్మ, చిలగడదుంప ఆకులు ఏరుతూ తల ఎత్తకుండానే.

అమ్మది లూకాంగ్. సముద్రం పక్క ఊరు. బతుకంతా తామిప్పుడుంటున్న తాయ్‌చుంగ్ వీధుల్లో ఆల్చిప్పలు అమ్మినా ఆమె నాలుక మాత్రం ఆ ఊరు దాటి ఇవతలికి రాలేదు. కూతురి నాలుక దాటింది. ఎలా దాటిందో ఎవరికీ తెలియదు. అద్దం ముందు నిలబడి, ఒక్కొక్క మాటకీ అంచులు అరగదీసి, తాయ్‌చుంగ్ వాళ్ళు అన్నట్టే అనడం నేర్చుకుంది. ఇప్పుడామె నోరు విప్పితే లూకాంగ్ పిల్ల అని ఎవరూ అనుకోరు. కోపం వస్తే తప్ప.

అమ్మ పెట్టెలోకి తొంగి చూసింది. "ఏటది? ఎండిదేటి?"

"వెండిది కాదమ్మా, రంగు. మైకు."

"మన బండిలో దానికంటే పెద్దదే. ఎంతకి సెప్పినాడు? నువ్వెంతకి అడిగినావు?"

"అక్కడ బేరాలుండవమ్మా."

"అడగనేదా? అడగడానికి నోరు పోనాదేటి?" అంది అమ్మ. తర్వాత దగ్గొచ్చింది. ఆమె దగ్గు ఒకసారి మొదలైతే వచ్చిన పని అంతా చూసుకుని గానీ పోదు. ఆకుల గిన్నె అవతల పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అది ముగిసేదాకా ఓపిగ్గా కూర్చుంది. చుట్టం ఒకరు వచ్చి వెళ్తున్నారన్నట్టు.

మర్నాడు టిఫిను దుకాణం కట్టేశాక ఆహూన్ బట్టల బీరువాలో దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మైకు నిలబెట్టి, నెత్తిన బొంత కప్పుకుని చదివి చూసుకుంది. తర్వాత పెట్టుకుని వింది. గొంతు బాగానే ఉంది. గొంతుతో పాటు పావురాలున్నాయి. ఫ్రిజ్జు మూలుగుంది. ఎండకి రేకులు టిక్కుమన్న చప్పుడుంది. కింద షెడ్డులో ఎవడో బండి ఎక్సలేటరు తిప్పడం ఉంది. వీటన్నిటి మీదా అమ్మ చెప్పుల ఈడ్పు, అమ్మ పుచ్చగింజలు కొరకడం, అమ్మ దగ్గు.

మైకు మార్చుకుంటే సరిపోయేది. ఆ మాట ఆమెకి తట్టకపోలేదు. కానీ మార్చుకోవాలంటే షావుకారు ముందు నిలబడి ఎందుకు మారుస్తున్నదీ చెప్పాలి. ఎవరూ లేరన్న ఇంట్లో ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారని ఆయన అడక్కపోయినా ఆ పెన్నుల జేబు అడుగుతుంది. ఆహూన్ ఫ్రిజ్జు తీగ పీకేసింది. కిటికీ సందుల్లో పాత తువ్వాళ్ళు దోపింది. మిగిలింది అమ్మ.

"అమ్మా, కాసేపు కింద కూర్చుని రా."

"నానేటి సేసినాను?"

"ఏం చెయ్యలేదు. ఊపిరి తీస్తున్నావు, అది కూడా పడుతోంది."

అమ్మ నవ్వింది. తన ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగిపోయింది. ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా ఆహూన్ బొంత కింద కాచుకుని ఉంది.

మొదటి కథ ఆ సాయంత్రం అయింది. అయ్యేసరికి పంచప్రాణాలూ పోయాయి. ఇవన్నీ రాత్రి కథలు, ప్రతి పేజీలోనూ రాత్రి ఉంది. రాత్రిని తాయ్‌చుంగ్‌లో 'మే' అంటారు, లూకాంగ్‌లో 'మీ' అంటారు. మామూలుగా మాట్లాడేటప్పుడు 'మే' దానంతటదే వస్తుంది. ముద్దు చేస్తూ, పిల్లల్ని జోకొడుతున్నట్టు చదవబోతే మాత్రం నాలుక జారి 'మీ' లో పడుతోంది. పడ్డప్పుడల్లా ఆపి, వెనక్కెళ్ళి, మళ్ళీ చదివింది.

అమ్మని తీసుకురావడానికి కిందికి వెళ్తే షెడ్డు ముందు నలుగురు ఆడవాళ్ళు చెత్తసంచులు పట్టుకుని నవ్వుతున్నారు. అమ్మ మధ్యలో కూర్చుని ఏదో చెబుతోంది. తనూ నవ్వుతోంది.

"షీ అత్తగారూ, ఇంకోసారి అనండి, రాత్రిని ఏమంటారూ?" అంది ఒకావిడ, అమ్మని ఇంటిపేరుతో పిలిచి.

"'మీ'. ఇంకేటంతారు?"

మళ్ళీ నవ్వులు. చెడ్డ నవ్వులేం కావు. ఆహూన్ ఇంట్లో లేని రోజుల్లో ఆ ఆడవాళ్ళే అమ్మ సంచి కూడా తీసుకెళ్ళి చెత్తబండిలో వేసేవాళ్ళు. అయినా ఆహూన్‌కి తరగతి గది వెనక బెంచీలే వినిపించాయి. అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ, రెండో అంతస్తు మలుపులో, గొంతు తగ్గించి అంది:

"ఇక్కడ 'మే' అంటారమ్మా. 'మీ' కాదు. ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, ఆ ఒక్క మాట రాదా? వాళ్ళు నవ్వేది నిన్ను చూసే."

"అలగా," అంది అమ్మ. రొప్పుతూ రెయిలింగు పట్టుకుని నిలబడింది. "నాను సెప్పిన కతకి నవ్వుతన్నారనుకున్నాను."

*

శనివారం వాన. అమ్మని కిందికి పంపడానికి వీల్లేదు. రేకుల మీద వాన తగ్గేదాకా చదవడానికీ వీల్లేదు. మధ్యాహ్నం అంతా కూతురు బొంత ఒళ్ళో పెట్టుకుని ఆకాశం కేసీ, తల్లి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూతురి కేసీ చూస్తూ గడిపారు. చీకటి పడబోయే వేళకి తెరిపి ఇచ్చింది.

"నానిక్కడే కదలకుండా పడుంటాను," అంది అమ్మ. "నోట్లో గుడ్డెట్టుకుంటాను. నువ్వు సదువుకో."

ఆహూన్ వద్దనలేదు. ఉతికిన చేతిగుడ్డ ఒకటి తీసి తనే ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అమ్మ మొహంలోకి చూడలేదు.

రెండో కథ నడిచింది. మూడోది మొదలెట్టింది. కంపెనీ వాళ్ళ పద్ధతి ప్రకారం ప్రతి ఫైలు మొదట్లో చదివేవాళ్ళు తమ పేరూ, ఏ ఊరి మాట చదువుతున్నదీ చెప్పాలి. "పేరు షీ ఆహూన్. మాట, తాయ్‌చుంగ్ మాట," అంది ఆమె, తేనెలో ముంచి తీసినట్టు. ఇది ఒక పీత కథ. రాత్రిపూట సముద్రం వెనక్కి పోయాక, బురదలో తల్లి పీత తప్పిపోయిన పిల్ల కోసం వెతుకుతుంది. కనపడ్డ ప్రతి కన్నం దగ్గరా ఆగి, "నాయనా, లోపలున్నది నువ్వేనా" అని అడుగుతుంది. ఆ మాట చదివేటప్పుడు ఆహూన్ గొంతు నిజంగానే కరిగింది. ఈసారి 'మే' కూడా ఎక్కడా జారలేదు. ఆఖరి వాక్యంలో పిల్ల పీత తల్లి డొప్ప కింద చేరి పడుకుంది.

సరిగ్గా అప్పుడే వీధి చివర చెత్తబండి పాట మొదలైంది.

ఆ పాట వినిపిస్తే ఆ వీధిలో ఎవరి చేతిలో ఏ పనున్నా ఆగిపోవాల్సిందే. బండి నిలబడదు, పరిగెత్తి అందుకోవాలి. మర్నాడు ఆదివారం, బండి రాదు. వానకి కుళ్ళిన కూరగాయల సంచీ, నిన్నటి చేపల సంచీ రెండూ వాసన కొడుతున్నాయి. ఆహూన్ బొంత విసిరేసి బీరువాలోంచి బయటపడింది. స్టూలు తన్నుకుని కాలి వేలికి దెబ్బ తగిలింది. చెక్క అవతల నుంచి అమ్మ ఏదో అడిగింది. ఆహూన్ ఏదో అంది. తలుపు ధడాలున వేసి, సంచులతో మెట్ల మీద పరుగు తీసింది.

తిరిగి వచ్చాక చూస్తే రికార్డింగు ఇంకా నడుస్తోంది. ఆపేసింది. ఆదివారం పొద్దున్నే మూడు ఫైళ్ళూ పంపేసింది. పంపే ముందు మొదళ్ళు మాత్రం వింది, పేరు సరిగ్గా వచ్చిందా లేదా అని. మొత్తం వినలేదు. తన గొంతు తను వినడం అంటే ఆమెకి ఎప్పుడూ సిగ్గే.

*

సోమవారం పెనం గీకుతుండగా ఫోనొచ్చింది. ఆహూన్ ఎప్రాన్‌కి చెయ్యి తుడుచుకుని, దుకాణం వెనక సందులోకి వెళ్ళి ఎత్తింది.

"షీ గారేనాండీ? నా పేరు కో. కథల కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను," అంది అవతల పడుచు గొంతు. "మీ గొంతు మా అందరికీ నచ్చిందండీ. పీత కథకి ఇక్కడ ఒకమ్మాయి ఏడ్చింది కూడా."

"చాలా సంతోషమండీ," అంది ఆహూన్. పక్కనున్న నూనె డబ్బా మీద కూర్చుంది.

"అయితే మూడో ఫైలు చివర... పంపే ముందు మీరు విన్నారాండీ?"

"ఏమైందండీ? చెత్తబండి పాట పడిందా?"

"పాట కూడా పడింది. అది పర్లేదు గానీ, ఆఖరి మాటతో కలిసిపోయింది, కత్తిరించలేం." ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "పాట తర్వాత ఒక పెద్దావిడ గొంతూ, ఇంకొకావిడ గొంతూ ఉన్నాయి. ఇద్దరిదీ లూకాంగ్ మాట అనుకుంటాను. మా అమ్మమ్మదీ అటువైపే, అందుకని గుర్తుపట్టాను. ఆ పెద్దావిడ మీకేమవుతారు?"

"మా అమ్మండీ."

"మరి ఆ రెండో ఆవిడ? అమ్మని చూసుకోడానికి పెట్టుకున్న మనిషా?"

ఆహూన్‌కి అర్థం కాలేదు. ఆ ఇంట్లో రెండో ఆవిడ ఎవరుంటారు? తర్వాత అర్థమైంది. ఫోను చెవికి అంటుకుపోయినట్టయింది.

"నేను చెప్పకూడదేమోనండీ. మీ ఇంటి సంగతి. కానీ విన్నాక ఊరుకోలేకపోయాను. మీరు ఇంత ప్రేమగా చదువుతారు, మీరు గదిలో ఉన్నప్పుడు ఆవిడ అమ్మతో అలా మాట్లాడుతోందని మీకు తెలుసో లేదో అని. అలాంటి మనిషి దగ్గర అమ్మని వదలకండి."

సందులో పిల్లి ఒకటి గుడ్డు పెంకులు నాకుతోంది. ఆహూన్ దాన్నే చూస్తూ ఉంది. ఇప్పుడు ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడున్న ఏడాది పొడుగు పనిని చూసి వెనక్కి తిరిగిపోయింది.

"అయ్యో, అలాగాండీ," అంది, తన తాయ్‌చుంగ్ గొంతుతో. "నాకు తెలియనే తెలియదు. ఆవిణ్ణి మానిపించేస్తాను."

"మంచిదండీ. మూడో కథ ఒక్కటీ ఇంకోసారి చదివి పంపండి. పాట లేకుండా. అది రాగానే ఏ సంగతీ చెప్తాం."

*

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. ఆహూన్ బీరువాలో దూరి, తలుపు లాక్కుని, చెవులకి పెట్టుకునేవి తగిలించుకుని, మూడో ఫైలు చివరికి వెళ్ళింది.

పిల్ల పీత పడుకుంది. పాట మొదలైంది. స్టూలు పడింది. వెండి మైకు తన చెవులన్నీ విప్పుకుని వింది, ఒక్క అక్షరం వదల్లేదు.

"అయిపోనాదా అమ్మీ?" అంది అమ్మ గొంతు, గుడ్డ చాటు నుంచి. "ఇంక దగ్గీసుకోనా?"

"సచ్చీదాకా దగ్గుతానే ఉండు, ఎవులొద్దన్నారు? నీ దగ్గు తప్ప ఈ కొంపలో నాకేటున్నాది?"

ఆ రెండో గొంతుని ఆహూన్ కూడా ఇంకెవరిదో అనుకోడానికి ప్రయత్నించింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. పీత కథ చదివిన గొంతుకీ దీనికీ పోలికే లేదు. ఇది మోటుగా, అలవాటుగా ఉంది. ఇలా అనడం మొదటిసారి కాదని ఎవరికైనా తెలిసిపోయేంత అలవాటుగా.

తలుపు ధడాలుమంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు దూరమైంది. అప్పుడు దగ్గు మొదలైంది. రెండు కథల దగ్గు, ఆపి ఆపి ఉంచింది, ఒక్కసారిగా తెగింది. అది కూడా బాహాటంగా కాదు. తలగడలో మొహం పెట్టుకుని దగ్గుతోంది. ఇంట్లో ఎవరూ లేరు, అయినా తలగడలోనే.

చాలాసేపటికి తగ్గింది. ఆహూన్ ఆపేద్దామని వేలు పెట్టింది. ఇంకా ఏదో వినిపిస్తోంది. సన్నగా, రొప్పు మధ్యలో, అమ్మ తనలో తనే ఏదో అంటోంది.

"మీ... మీ. ఉహుఁ. మే." ఒక రొప్పు. "మే. సలికాలం మీ... కాదు, మే. మే."

కింద చెత్తబండి పాట పోతోంది. అమ్మ పాఠం చదువుతూనే ఉంది. 'మే' అనడం నాలుగైదు సార్లు బాగా వచ్చింది. తర్వాత ఒకసారి తప్పిపోయింది. తప్పినప్పుడు తనని తనే "ఛీ" అంది.

ఆహూన్ బీరువాలోంచి బయటికి రాలేదు. దుప్పట్ల మధ్య మొహం పెట్టుకుని, చప్పుడు బయటికి పోకుండా ఏడ్చింది. ఎంత సిగ్గేసిందంటే, రేపు పొద్దున్న టిఫిను దుకాణంలో పెనం ముందు నిలబడి గుడ్లు కొట్టడం కూడా తనకి తగని గౌరవం అనిపించింది.

*

"పాడైందాక్కా?" అన్నాడు షావుకారు, పెట్టె చూడగానే. "నోరు తగిలిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని ఆ బోర్డు మీద రాసే ఉంది చూడండి."

"మైకు బాగానే ఉందండీ. నేనే అబద్ధం చెప్పాను." ఆహూన్ కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద ఆనించింది. "మాది రేకుల వాటా. కింద మోటారు సైకిళ్ళ షెడ్డు. పక్కన పావురాలు. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరన్నాను. మా అమ్మ ఉంది. ఆవిడకి దగ్గు."

షావుకారు కాసేపు ఆమె కేసి చూశాడు. బోర్డు కేసి కూడా చూశాడు.

"ఇన్నాళ్ళ వ్యాపారంలో గది గురించి నిజం చెప్పినవాళ్ళు నాకింకా తగల్లేదక్కా. అందరికీ నిశ్శబ్దమే, అందరికీ విడిగా గదే. ఆ తర్వాత మైకు బాగాలేదని నన్ను తిట్టుకుంటారు." లేచి వెళ్ళి నల్లది తెచ్చాడు. "ఇది చవకది గానీ మిగిలిన డబ్బు చేతికివ్వను. కావాలంటే కంప్యూటర్‌కి తగిలించే తీగా, నోటి తుంపర ఆపే స్పాంజీ టోపీ ఇస్తా. సరేనా?"

"టోపీ రెండివ్వండి," అంది ఆహూన్. అమ్మ వింటే సంతోషించేది.

ఇంటికొచ్చి పెట్టె విప్పగానే అమ్మ కళ్ళు దాని మీద పడ్డాయి. "ఓలమ్మ, ఇది మన బండిలోదే." చేతిలోకి తీసుకుని, బొటనవేలితో సొట్ట తడిమి చూసింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు దాన్ని మంచం మీద పెట్టేసి, లేచి, స్టూలు చంకన పెట్టుకుని తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?"

"కిందకి. సదువుకుంతావు గదా."

"వద్దు. ఇక్కడే ఉండు. దగ్గొస్తే దగ్గు. దీనికి వినపడదు."

అమ్మ నమ్మలేదు. నమ్మలేదని మొహం చూస్తే తెలుస్తోంది. అయినా కూతురు చెప్పింది కాబట్టి మంచం మీద కూర్చుంది. కూర్చుని, దిండు కింద నుంచి చేతిగుడ్డ తీసుకుంది.

"గుడ్డ అక్కర్లేదమ్మా."

"ఉండనీ. సేతిలో ఉంతాదంతే."

ఆ గుడ్డ లాక్కునే హక్కు తనకి లేదనిపించింది ఆహూన్‌కి. ఇచ్చింది తనే. బీరువాలో కూర్చుంది, తలుపు మాత్రం తెరిచే ఉంచింది. నల్ల మైకు పెదాలకి ఆనించుకుంటే చల్లగా తగిలింది. రికార్డింగు నొక్కింది.

"పేరు షీ ఆహూన్," అంది. తెరిచి ఉన్న తలుపు కేసి ఒకసారి చూసింది. "మాట, లూకాంగ్ మాట."

ఇక్కడ ఆపి వెనక్కి వెళ్ళొచ్చు. తుడిచేసి మళ్ళీ చెప్పొచ్చు. ఎంత తేలికో ఆమెకి తెలుసు, మొన్నంతా ఆ పనే చేసింది.

"కో గారూ, మొన్న ఫైలు చివర మా అమ్మని తిట్టిన మనిషిని మానిపించేస్తానని మీకు సెప్పినాను. ఆ మనిషి ఎవులో కాదు. నానే."

అమ్మ విందో లేదో తెలియదు. ఫైలు విన్నాక ఆ అమ్మాయి ఏమనుకుంటుందో, మళ్ళీ ఫోను చేస్తుందో లేదో అదీ తెలియదు. చెయ్యకపోవడానికే ఎక్కువ వీలుంది. ఆహూన్ పుస్తకం ఒళ్ళో సర్దుకుని కథ మొదలెట్టింది. సముద్రం వెనక్కి పోయిన ఒకానొక రాత్రి అన్న చోట నాలుకని దాని దారిన వదిలేసింది. అది హాయిగా వెళ్ళి 'మీ' లో కూర్చుంది.

అవతల ఒక్క దగ్గు వినిపించింది, గుడ్డలోంచి. దాని వెనకే అమ్మ గొంతు, కూతురికి మాత్రమే వినపడాలన్నట్టు, గుసగుసగా:

"ఓలమ్మీ, తప్పు సదివీసినావు. 'మే' అనాల గదా."

ఆ మాట మైకుకి అందలేదు. ఆహూన్‌కి అందింది. కళ్ళు మసకబారి అక్షరాలు కనపడకపోతే, మోచేత్తో తుడుచుకుని, తర్వాతి వాక్యంలో కూడా 'మీ' అనే చదివింది.